అడిగిన ప్రశ్న ఎక్కడికి పోయింది?

పత్రికల చరిత్ర రాసేవాళ్ళు సంపాదకీయాల గురించి రాస్తారు. కథల గురించీ, కవిత్వం గురించీ, వాదవివాదాల గురించీ రాస్తారు. ప్రశ్నలూ జవాబుల శీర్షిక మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. వంటలకీ వారఫలాలకీ మధ్య ఒదిగి ఉండే పేజీలో చరిత్ర ఏముంటుందని కాబోలు! కానీ ఆడవాళ్ళు అచ్చులో మొదట గొంతు విప్పిన చోట్లలో అదొకటి. కథ రాయాలంటే తీరిక కావాలి. వ్యాసం రాయాలంటే చదువు కావాలి. ప్రశ్న అడగడానికి ఒక పోస్టుకార్డు చాలు. అయితే ఆ కార్డు అచ్చవుతుందా, చెత్తబుట్టలోకి పోతుందా అన్నది ఎప్పుడూ మరొకరి చేతిలోనే ఉండేది.

ఇప్పుడు పోస్టుకార్డు పోయి కంప్యూటర్ తెర వచ్చింది. ఎవరైనా ఎవరినైనా అడగవచ్చు, సంపాదకుడి దయ అక్కర్లేదు అన్నారు. కానీ అడిగిన ప్రశ్న మాయమవుతూనే ఉంది. పాఠకులే దాని మీద ఫ్లాగ్ పెడతారు, అంటే ఇది ఇక్కడ ఉండకూడదని జెండా ఎత్తుతారు. మాడరేటర్ అనే మరో మనిషి తీర్పు చెబుతాడు. ఈ జెండాల గురించీ, ఈ తీర్పుల గురించీ గత పదిహేనేళ్ళుగా పెద్ద పెద్ద తగాదాలే జరిగాయి. వాటిని సాఫ్ట్‌వేర్ వాళ్ళ గొడవలుగా మనం వదిలేశాం. సాహిత్య విద్యార్థినిగా నాకు అవి మన గొడవలే అనిపిస్తాయి. ఎవరి మాట నిలుస్తుంది, ఎవరి మాట చెరిగిపోతుంది, చెరిపినవాళ్ళు ఎవరికి సమాధానం చెప్పాలి అన్న ప్రశ్నలు స్త్రీల సాహిత్య చరిత్రకి కొత్తవి కావు కదా.

ఈ కథ లండన్‌లో మొదలవుతుంది. 1691లో జాన్ డన్‌టన్ అనే పుస్తక ప్రచురణకర్త 'ఎథీనియన్ మెర్క్యురీ' అనే పత్రిక పెట్టాడు. అందులో ఉండేవి పాఠకుల ప్రశ్నలూ, వాటికి జవాబులూ మాత్రమే. ప్రశ్నలు ఒక కాఫీ హోటల్ చిరునామాకి పంపాలి. అడిగేవాళ్ళ పేరు అక్కర్లేదు. జవాబులిచ్చేది 'ఎథీనియన్ సొసైటీ' అనే పండితుల సభ అని ప్రకటించారు. నిజానికి ఆ సభలో ఉన్నది డన్‌టన్, గణితం తెలిసిన రిచర్డ్ సాల్ట్, మతాచార్యుడు శామ్యూల్ వెస్లీ. ముగ్గురు మగవాళ్ళు ఒక పెద్ద సభ పేరు పెట్టుకుని లోకానికంతటికీ జవాబులు చెప్పారన్నమాట.

ఆడవాళ్ళు కూడా ప్రశ్నలు పంపవచ్చని ఆ పత్రిక మొదట్లోనే ప్రకటించింది. వాళ్ళ ప్రశ్నల కోసం ప్రత్యేకంగా సంచికలు కేటాయించింది. స్త్రీలకు చదువు తగునా అనేది కూడా అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్నే. ఎలిజబెత్ సింగర్ అనే యువతి తన పేరు చెప్పకుండానే అందులో కవిత్వం ప్రచురించింది. 1696లో ఆమె కవితల పుస్తకాన్ని డన్‌టనే 'ఫిలోమెలా' అనే కలం పేరుతో అచ్చు వేశాడు. 1693లో కేవలం స్త్రీల ప్రశ్నల కోసమే 'లేడీస్ మెర్క్యురీ' అనే పత్రిక కూడా వచ్చి, నాలుగు సంచికలకే ఆగిపోయింది.

దీన్ని ఆడవాళ్ళకు దొరికిన అవకాశంగా చూడాలా, కట్టుబాటుగా చూడాలా? రెండూ అనే నేనంటాను. పేరు చెప్పనక్కర్లేకపోవడం వాళ్ళకు రక్షణ ఇచ్చింది. వేరే సంచిక ఇవ్వడం వాళ్ళకు చోటు ఇచ్చింది, అదే చేత్తో గీత కూడా గీసింది. ప్రేమా పెళ్ళీ ఆడవాళ్ళ ప్రశ్నలు, గణితమూ ప్రకృతి శాస్త్రమూ అందరి ప్రశ్నలు అనే విభజన అక్కడే మొదలైంది. అచ్చు కాని ప్రశ్నల సంగతి చెప్పేదేముంది! వాటికి చరిత్ర లేదు.

తెలుగులో ఈ సంప్రదాయానికి మాలతీ చందూర్ పేరు చెప్పకుండా ఎలా? 1950ల నుంచి 'ఆంధ్రప్రభ' వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను ఆమె దశాబ్దాల పాటు నడిపారు. వంట దగ్గర్నుంచి దాంపత్యం దాకా, ఆరోగ్యం దగ్గర్నుంచి చట్టం దాకా ఆమెను అడగనిది లేదు. ఎంతోమంది ఆడవాళ్ళకు ఇంట్లో అడగలేని మాట అడగడానికి దొరికిన చోటు అది. ఆమె జవాబులన్నిటితో మనం ఏకీభవించనక్కర్లేదు. సర్దుకుపొమ్మనే సలహాల మీద స్త్రీవాదులకు ఉండే అభ్యంతరాలు ఉండనే ఉన్నాయి. కానీ ఒక తేడా ఉంది. అక్కడ ఉత్తరాన్ని చదివే మనిషికి పేరుంది, ఒక గొంతుంది. జవాబు నచ్చకపోతే ఎవరితో పోట్లాడాలో పాఠకురాలికి తెలుసు. ఆ పాఠకురాలికి తెలుగు భాష చేసిన సాయం కూడా ఒకటుంది. 'నేను అడిగాను' అంటే అడిగింది ఆడో మగో క్రియ చెప్పదు. హిందీలో అయితే చాలా క్రియారూపాల్లో అది తెలిసిపోతుంది.

ఇప్పుడు 2008కి వద్దాం. ఆ సెప్టెంబరులో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పాల్‌స్కీ అనే ఇద్దరు అమెరికన్ ప్రోగ్రామర్లు 'స్టాక్ ఓవర్‌ఫ్లో' అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు. ప్రోగ్రామింగ్‌లో ఎక్కడ చిక్కు వచ్చినా అక్కడ అడగవచ్చు, తెలిసినవాళ్ళు జవాబు చెబుతారు, బాగున్న జవాబుకు అందరూ ఓటు వేస్తారు. ఓట్లతో పాయింట్లు వస్తాయి, పాయింట్లతో అధికారం వస్తుంది. 15 పాయింట్లుంటే ఇతరుల రాతల మీద ఫ్లాగ్ పెట్టవచ్చు. 3,000 ఉంటే ప్రశ్నను మూసెయ్యడానికి ఓటు వెయ్యవచ్చు. 10,000 ఉంటే తొలగించినవి చూడవచ్చు. అలా రూపొందింది దాని నిచ్చెన. పై మెట్టు మీద సభ్యులు ఎన్నుకున్న మాడరేటర్లు ఉంటారు. వీళ్ళకు జీతం లేదు. మాడరేటర్ అన్నవాడు యంత్రం తేల్చలేని సందర్భాల్లోనే కలగజేసుకోవాలని, ఎంత తక్కువ పని ఉంటే అంత మంచిదని 2009లో ఆట్‌వుడ్ ఒక సిద్ధాంతం కూడా రాశాడు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా స్నేహితురాళ్ళు రోజూ ఆ పేజీలు తెరుస్తూ వచ్చినవాళ్ళే. కానీ ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. ఎందుకంటే, "అడిగితే మూసేస్తారు" అంటారు. ఇదివరకే ఎవరో అడిగారని మూసేస్తారు. స్పష్టంగా లేదని మూసేస్తారు. అభిప్రాయం అడుగుతున్నావు, సమాచారం కాదు అని మూసేస్తారు. మూసెయ్యడానికి మొదట్లో అయిదు ఓట్లు కావాలి, 2019 తర్వాత మూడు చాలు. ప్రశ్న మొదట్లో పలకరింపు రాస్తే, చివర కృతజ్ఞతలు రాస్తే తీసేస్తారు. అవి సమాచారం కాదట! పలకరించకుండా మాట మొదలుపెట్టడం తప్పని పెరిగిన ఆడపిల్లకి ఆ మొదటి దిద్దుబాటే ఒక హెచ్చరికలా తగులుతుంది.

అవతలి వాదన కూడా వినాలి. రోజూ వచ్చిపడిన వేలాది ప్రశ్నల్లో కాలేజీ హోంవర్కులుండేవి, ప్రకటనలుండేవి, బూతులుండేవి. వాటిని జల్లెడ పట్టేది జీతం లేని మనుషులు. వాళ్ళ దృష్టిలో ప్రశ్న ఒక మనిషి కష్టం మాత్రమే కాదు, గ్రంథాలయంలో ఒక పుస్తకం. రేపు లక్షమంది అదే చిక్కులో పడి వెతుక్కుంటూ వస్తారు. పది నకళ్ళు ఉంటే అసలుది దొరకదు. ఈ వాదనలో నిజం ఉంది. అసలు తగాదా ఇక్కడే ఉంది. ఇది అడిగినవాళ్ళకు సాయం చేసే చోటా, భవిష్యత్తు కోసం కట్టే గ్రంథాలయమా? గ్రంథాలయమే అనుకున్నప్పుడు అడిగిన మనిషి ముడిసరుకు అవుతుంది. ఆమెకు కలిగిన అవమానం లెక్కలోకి రాదు.

ఆ అవమానం అందరికీ సమానంగా పంపిణీ కాలేదు. డెనే ఫోర్డ్, ఆమె సహపరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ సైట్‌లో పాల్గొనడానికి 14 అడ్డంకులను గుర్తించింది. వాటిలో 5 మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువగా అడ్డొస్తున్నాయని తేల్చింది. జవాబు చెప్పే అర్హత నాకు లేదేమోనన్న సందేహం వాటిలో ఒకటి. ఇంతమంది అపరిచితుల ముందు నోరు విప్పడానికి జంకు మరొకటి. 2018లో ఆ కంపెనీ చేసిన సర్వేలో లక్షమందికి పైగా పాల్గొంటే, వారిలో స్త్రీలు దాదాపు 7 శాతం. అదే ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ అధికారి జే హాన్లన్ బహిరంగంగా ఒప్పుకున్నారు: కొత్తవాళ్ళకు, ఆడవాళ్ళకు, శ్వేతేతర జాతుల వారికి, అంచుల్లో ఉన్న ఇతరులకు తమ చోటు ఆదరంగా లేదని. ఆ ఆగస్టులో కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. పాత సభ్యులు చాలామంది నొచ్చుకున్నారు. పదేళ్ళు ఊరికే చాకిరీ చేస్తే మాకు దక్కింది ఈ నిందా అన్నారు. సాయం చేశామనుకున్నవాళ్ళకీ, సాయం అడగలేకపోయినవాళ్ళకీ మధ్య అగాధం అప్పుడు కళ్ళకు కట్టింది.

ఇక్కడ ఆగి జెండా గురించి ఆలోచిద్దాం. కేట్ క్రాఫోర్డ్, టార్ల్‌టన్ గిలెస్పీ అనే ఇద్దరు పరిశోధకులు ఫ్లాగ్ అనేది దేనికోసం అని ఒక వ్యాసం రాశారు. ఫిర్యాదుకి కూడా ఒక పదజాలం ఉంటుందని వాళ్ళ ఆలోచన. జెండా ఎత్తేవాళ్ళకు కంపెనీ నాలుగైదు గడులు ఇస్తుంది: అశ్లీలం, దూషణ, ప్రకటన, అసందర్భం. నా బాధ ఆ గడుల్లో పట్టకపోతే నాకు ఫిర్యాదు లేనట్టే. ఎవరు ఎత్తారో, ఎందుకు ఎత్తారో, ఎన్ని చేతులు లేచాయో బయటికి కనిపించదు. తీసేసినదానికి మాత్రం 'సమాజం కోరింది' అనే ముద్ర పడుతుంది. నిజంగా గాయపడి ఎత్తిన చెయ్యీ, కక్షతో ఎత్తిన చెయ్యీ లెక్కలో ఒకటే. కూడబలుక్కుని ఒక గుంపు వంద జెండాలు ఎత్తగలదు. ఒంటరిగా ఉన్న ఒక స్త్రీ ఒక్కటే ఎత్తగలదు.

2008 డిసెంబరులో పిల్లలకు పాలిస్తున్న తల్లుల ఫోటోలను అశ్లీలమని ఫేస్‌బుక్ తీసేస్తుంటే ఆ తల్లులు నిరసన తెలిపారు. ఆ మాట వింటే తెలుగు సాహిత్యం చదువుకున్న ఏ ఆడదానికైనా ముద్దుపళని గుర్తు రాకుండా ఉంటుందా? తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలోని ఆ కవయిత్రి రాసిన 'రాధికా సాంత్వనము' అచ్చులోకి వచ్చినప్పుడు ఆమె తన గురించి చెప్పుకున్న భాగాలూ, కొన్ని పద్యాలూ ఎగిరిపోయాయి. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పాఠం తెచ్చారు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని ఆడది రాయరానిదిగా తీసిపారేశారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, ఇంతకంటే పచ్చి శృంగారం మగవాళ్ళు రాస్తే పాఠ్యపుస్తకం అవుతుందా అని నాగరత్నమ్మ నిలదీశారు. ఫిర్యాదులు వెళ్ళాయి. 1911లో మద్రాసులో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమైనవని ఎంచిన పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి ఇస్తే, వాటిని బట్టి మొత్తం పుస్తకం మీద తీర్పు చెప్పారు. నిషేధం తొలగడానికి 1947 దాకా, ప్రకాశం పంతులు ప్రభుత్వం దాకా ఆగాల్సి వచ్చింది.

వలస ప్రభుత్వ నిషేధమూ, ఒక కంపెనీ చేసే తొలగింపూ ఒకటేనని నేను అనడం లేదు. ఒకదాని వెనక పోలీసులున్నారు, ఇంకోదాని వెనక లేరు. కానీ రెండింటి పనితీరు ఒకటే. ముందు గౌరవనీయులైన పాఠకుల ఫిర్యాదు. తర్వాత ఒక ముక్కను సందర్భం నుంచి విడదీసి చదవడం. తర్వాత ఒక్క మాటలో ముద్ర. చివరికి అసలు ఏం రాసిందో కొద్దిమందికి తప్ప ఎవరికీ కనపడకుండా పోవడం. తొలగించినవి చూడాలంటే 10,000 పాయింట్లు కావాలన్న నిబంధన చదివినప్పుడు నాకు రాతప్రతి భాండాగారాల తాళాలు గుర్తొచ్చాయి. నాగరత్నమ్మకు ఒక రాతప్రతి దొరకబట్టే పద్యాలు ఎగిరిపోయిన సంగతి తెలిసింది. చెరిపినట్టు కూడా తెలియకుండా చెరిపితే రేపటి నాగరత్నమ్మ దేనితో పోల్చి చూస్తుంది?

అయితే జెండాలు పీకెయ్యాలి, మాడరేటర్లు వద్దు అనగలమా? అనలేం. ఏ అదుపూ లేని చోట మొదట బెదిరింపులకు గురయ్యేది ఆడవాళ్ళే. 1970లో అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ స్త్రీ విముక్తి బృందాల గురించే ఒక చేదునిజం చెప్పింది. మాకు నాయకులు లేరు, నిర్మాణం లేదు అనుకునే బృందంలో కూడా అధికారం ఉంటుంది, అది స్నేహితుల గుంపుల చేతిలో కనపడకుండా ఉంటుంది, కాబట్టి దాన్ని అడిగే దారి ఉండదు అని. అందుకని ఆమె కోరింది నియమాలు బహిరంగంగా ఉండాలని, బాధ్యత ఎవరిదో తెలియాలని, అది చేతులు మారుతుండాలని. మాడరేషన్ గురించి నేను చదివిన వాటిలో ఇంటర్నెట్ పుట్టకముందు రాసిన ఆ వ్యాసం కన్నా పనికొచ్చేది లేదు.

2019 సెప్టెంబరులో జరిగింది ఆ మాటకు ఉదాహరణ. వ్యక్తులు తమకోసం చెప్పుకున్న సర్వనామాలనే వాడాలన్న నిబంధన ఒకటి స్టాక్ ఓవర్‌ఫ్లో నడిపే సైట్లలో రాబోతోంది. ఇంగ్లీషులో అతను, ఆమె, వాళ్ళు అనే మాటల్లో ఏది వాడతారన్నది ట్రాన్స్ వ్యక్తులకు గుర్తింపుకి సంబంధించిన విషయం. మనం గౌరవానికి వాడే 'వారు'లో ఆడా మగా తేడా దాగిపోతుంది కాబట్టి మనకు ఆ నొప్పి వెంటనే అర్థం కాకపోవచ్చు. కానీ తనది కాని పేరుతో రోజూ పిలిపించుకోవడం ఎలా ఉంటుందో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? ఆ నిబంధన కోరినవాళ్ళది న్యాయమైన కోరిక. దాని గురించి మాడరేటర్ల మధ్య జరిగిన చర్చలో ఒక మహిళా మాడరేటర్ ప్రశ్నలు లేవనెత్తింది. తాను సర్వనామాలే రాకుండా వాక్యాలు రాస్తానంది. నిబంధన అమల్లోకి రాకముందే కంపెనీ ఆమెను పదవి నుంచి తీసేసింది. పదుల సంఖ్యలో మాడరేటర్లు రాజీనామా చేశారు, పని ఆపేశారు. అక్టోబరులో కంపెనీ క్షమాపణ చెప్పింది, మాడరేటర్లను తొలగించడానికి ఒక పద్ధతిని ప్రకటించింది. డిసెంబరులో ఆమెతో ఒప్పందానికి వచ్చింది.

ఈ తగాదాలో మనం ఎవరి పక్షం? ట్రాన్స్ సభ్యుల గౌరవం పక్షం అంటే ఆమెకు జరిగిన అన్యాయాన్ని మింగెయ్యాలా? విచారణ లేని శిక్షను తప్పు పడితే ట్రాన్స్ వ్యతిరేకులమా? ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమనే బలవంతమే మోసం అనిపిస్తుంది నాకు. మంచి నిబంధనను అన్యాయమైన పద్ధతిలో అమలు చేస్తే దెబ్బతినేది ఆ నిబంధన కాపాడాలనుకున్నవాళ్ళే. ఆ నెలల్లో ఎక్కువ ద్వేషం భరించింది ట్రాన్స్ సభ్యులూ, ఆ మాడరేటరూ. నిర్ణయం తీసుకున్నవాళ్ళు కాదు.

2023లో మళ్ళీ సమ్మె జరిగింది. యంత్రం రాసిన జవాబులు వచ్చిపడుతుంటే వాటిని తొలగించకుండా మాడరేటర్ల చేతులు కట్టేసే ఆదేశం కంపెనీ ఇచ్చింది. జూన్ 5న మొదలైన సమ్మె ఆగస్టు దాకా సాగింది. అప్పటిదాకా జెండాలు చూసి, చెత్త ఊడ్చి, పేజీలు శుభ్రంగా ఉంచినవాళ్ళు పని మానేశాక గానీ అది పని అని కంపెనీకి తెలియలేదు. ఇంటిచాకిరీ గురించి మనం ఎన్నేళ్ళుగా చెబుతున్న మాట ఇదే కదా! ఊడ్చినంతకాలం కనపడదు. మానేసిన రోజున కనపడుతుంది.

కాబట్టి స్వేచ్ఛా, అదుపా అనే పాత ప్రశ్న దగ్గరే ఆగిపోతే మనకు లాభం లేదు. అదుపు ఎప్పుడూ ఉంది. లండన్ కాఫీ హోటల్‌లో ఉంది, వారపత్రిక ఆఫీసులో ఉంది, పోలీసు కమిషనర్ బల్ల మీద ఉంది, పాయింట్ల నిచ్చెన మీద ఉంది. అడగాల్సింది దాని లెక్క. తీసేసినప్పుడు కారణం చెప్పాలి, అడిగిన మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆమె తిరిగి వాదించుకోవడానికి మరో చోటు ఉండాలి, తీర్పు చెప్పినవాళ్ళే అక్కడా కూర్చోకూడదు. తీసేసినదాని ఆనవాలు మిగలాలి. ఊడ్చేవాళ్ళ పనికి విలువ ఉండాలి. ఫిర్యాదు గడులు ఎవరు గీస్తున్నారో ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళూ, దళితులూ, ట్రాన్స్ వ్యక్తులూ ఉండాలి.

మన పత్రికలకు కూడా ఇవి వర్తిస్తాయి. తిప్పి పంపిన రచనలకు మనం కారణం రాస్తున్నామా? వచ్చిన ఉత్తరాల్లో వేసుకోనివి ఎక్కడైనా దాచామా? తెలుగులో స్త్రీల ప్రశ్నల చరిత్ర రాయాలని కూర్చుంటే అచ్చయిన జవాబులు కట్టలుగా దొరుకుతాయి. అచ్చుకాని ప్రశ్నల కట్ట ఒక్కటి కూడా నాకు ఇంతవరకూ దొరకలేదు. ఎవరి అటకమీదైనా, ఏ పత్రిక గోడౌన్‌లోనైనా అలాంటిది ఉంటే, పారెయ్యకండి. చెల్లని ప్రశ్నలు అనుకున్న వాటిలోనే మన సగం చరిత్ర ఉంటుంది.